డికాషన్ దిగే తీరు

కాఫీ పొడిలో నీటికి కరిగే పదార్థం దాదాపు మూడో వంతుకు మించదు. మిగిలినది ఎక్కువగా పీచు, అది పిప్పిగా మారి ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. కరిగే ఆ కొద్ది భాగమైనా ఒక్కసారిగా నీటిలోకి రాదు. మొదట పులుపునిచ్చే ఆమ్లాలూ సువాసననిచ్చే తేలికపాటి పదార్థాలూ దిగుతాయి, వాటి వెనుక తీపి ఛాయ కలిగినవి వస్తాయి, చిట్టచివర నాలుకను పట్టేసే చేదూ వగరూ దిగుతాయి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల నాటి పరిశోధనల్లో, పొడి బరువులో 18 నుంచి 22 శాతం దాకా నీటిలోకి దిగినప్పుడు ఎక్కువమందికి కాఫీ రుచిగా అనిపిస్తుందని నిర్ధారించాడు. అంతకు తక్కువ దిగితే కాఫీ పుల్లగా, పసలేకుండా ఉంటుంది. ఎక్కువ దిగితే చేదెక్కుతుంది.

పొడి ఎంత మెత్తగా ఉంది, నీరు ఎంత వేడిగా ఉంది, రెండూ ఎంతసేపు కలిసి ఉన్నాయి, ఎంత పొడికి ఎంత నీరు పోశారు అన్న నాలుగు విషయాల మీదే ఈ సారం దిగే తీరు ఆధారపడి ఉంటుంది. ఇంట్లో పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చిన జాగ్రత్తలు, అంటే పొడిని గట్టిగా అదమవద్దనడం, డికాషన్‌ను మరిగించవద్దనడం, పొడిని ఎక్కువగా తెచ్చి నిలవ పెట్టవద్దనడం, ఈ నాలుగింటిని అదుపులో ఉంచడానికీ, గింజలో ఉన్న సువాసనను పోగొట్టకుండా ఉండడానికీ ఏర్పడినవే. ఇంటి కాఫీ బాగుండకపోవడానికి మంచి యంత్రం లేకపోవడం కన్నా పాతబడిన పొడి, మరిగిన డికాషన్ ఎక్కువ కారణమని నిస్సంకోచంగా చెప్పవచ్చు. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టదలచినవారు ముందుగా గింజల మీద, ఆ తరువాతే పాత్రల మీద పెట్టడం మేలు.

వ్యాపారంలో చలామణీ అయ్యే కాఫీ గింజలు ప్రధానంగా రెండు జాతులవి. అరబికా చల్లని ఎత్తైన ప్రదేశాలలో పండుతుంది. దానిలో సువాసన, సున్నితమైన పులుపు ఎక్కువ, కెఫీన్ ఒకటి నుంచి ఒకటిన్నర శాతం వరకు ఉంటుంది. రొబస్టా తక్కువ ఎత్తులోనూ, తెగుళ్ళను తట్టుకుంటూనూ పెరుగుతుంది. దానిలో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు, చేదు ఎక్కువ, కాఫీకి నిండుదనాన్నీ నురగనూ ఇచ్చే గుణం కూడా ఎక్కువే. యెమెన్‌లోని మోఖా రేవు నుంచి బాబా బుడన్ అనే సూఫీ యాత్రికుడు ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని 17వ శతాబ్దం నాటి ఐతిహ్యం చెబుతుంది. నేటికీ దేశంలో పండే కాఫీలో సుమారు 70 శాతం కర్ణాటకదే, జాతుల లెక్కన చూస్తే అధిక భాగం రొబస్టాయే. తెలుగు నేలకు సంబంధించినంతవరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు ప్రాంతాల కొండవాలుల మీద గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకించిన మిరియాల తీగల మధ్యన పండించే అరబికా ప్రసిద్ధమైనది. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అదే సంవత్సరం చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, కొడగు అరబికాలకూ, వయనాడ్ రొబస్టాకూ కూడా ఆ గుర్తింపు వచ్చింది. చిన్న కమతాల మీద, అడవి నీడలో, ఒక్కొక్క పండును చేత్తో ఏరి పండించే ఈ కాఫీ 2017లో పారిస్ నగరంలో సొంత దుకాణం దాకా వెళ్ళింది. అలాంటి గింజ తెలుగువారి వంటిళ్ళలో ఇంకా విశేష వస్తువుగానే మిగిలి ఉండడం విచారించవలసిన విషయం.

గింజల దుకాణంలో వినిపించే కొన్ని మాటలకు అర్థం తెలిసి ఉండాలి. పండు గుజ్జు తీసి, గింజను కడిగి ఎండబెట్టిన అరబికాను ‘ప్లాంటేషన్’ అనీ, అదే పద్ధతిలో తయారైన రొబస్టాను ‘పార్చ్‌మెంట్’ అనీ, పండును పండుగానే ఎండబెట్టి ఆ తరువాత పొట్టు తీసిన గింజను ‘చెర్రీ’ అనీ వ్యవహరిస్తారు. కడిగిన గింజ కాఫీలో రుచి తేటగా ఉంటుంది. పండుతో ఎండినది కొంత మొరటుగా, బరువుగా ఉంటుంది. మామూలుగా ఒక పండులో రెండు గింజలు చదునైన ముఖాలు ఎదురెదురుగా పెట్టుకొని పెరుగుతాయి. ఒక్కటే పెరిగినప్పుడు అది గుండ్రంగా తయారవుతుంది, దానినే ‘పీబెర్రీ’ అంటారు. గుండ్రటి గింజ వేపుడులో సమంగా దొర్లుతుందన్న మాట నిజమే కానీ, పీబెర్రీ అన్న పేరు ఒక్కటే రుచికి హామీ కాజాలదు.

పచ్చి కాఫీ గింజకు గడ్డి వాసన తప్ప కాఫీ వాసన ఉండదు. కాఫీ అని గుర్తుపట్టగల ప్రతి సువాసనా వేపుడులోనే పుడుతుంది. వేడి 200 డిగ్రీల సెల్సియస్ సమీపించేసరికి గింజలోని ఆవిరి, వాయువులు దానిని చిటపటమంటూ పగలగొడతాయి. చక్కెరలూ మాంసకృత్తులూ ఒకదానితో ఒకటి చర్య జరిపి గోధుమ రంగునూ వందల రకాల పరిమళ పదార్థాలనూ పుట్టిస్తాయి. ఆ పగులు తరువాత త్వరగా దింపిన లేత వేపుడులో ఆయా తోటల సహజమైన రుచి, పులుపు నిలుస్తాయి. ముదురు వేపుడులో అవి తగ్గి చేదూ పొగరుచీ పైకి వస్తాయి. పాలతో తాగే కాఫీకి మధ్యస్థానికి కొంచెం మించిన వేపుడు సరిపోతుంది, ఎందుకంటే లేత వేపుడు గింజ రుచి పాలలో మునిగిపోతుంది, నల్లగా మాడిన గింజలో ఇక దాచవలసిన రుచే మిగలదు.

వేగిన గింజ నుంచి కార్బన్ డయాక్సైడ్ కొన్ని రోజుల పాటు బయటికి వస్తూ ఉంటుంది, ఆ మేరకు గాలిలోని ఆక్సిజన్ లోపలికి చేరి నూనెలను పాడుచేయకుండా అడ్డుకుంటుంది. గింజను పొడి చేసిన క్షణం నుంచి ఈ రక్షణ పోతుంది. పొడి రేణువుల ఉపరితలం గింజతో పోలిస్తే ఎన్నో రెట్లు పెద్దది కావడం వల్ల, గింజలో వారాల తరబడి నిలిచే సువాసన పొడిలో కొద్ది రోజులకే తరిగిపోతుంది. తాగబోయే ముందు ఇంట్లోనే పొడి చేసుకోవడం అన్నిటికన్నా ఉత్తమం. రెండు పళ్ళ చక్రాల మధ్య గింజను నలిపే చేతి మిల్లు రేణువులను దాదాపు ఒకే పరిమాణంలో ఇస్తుంది; మిక్సీ బ్లేడు గింజను నలపదు, ముక్కలు చేస్తుంది, దానివల్ల దుమ్ము వంటి పొడి, నూకల వంటి పలుకులు కలిసి వచ్చి, దుమ్ము నుంచి చేదు, పలుకుల నుంచి పులుపు ఒకే కప్పులోకి దిగుతాయి. మిక్సీయే వాడవలసివస్తే కొద్దికొద్దిగా ఆపి ఆపి తిప్పడం, మధ్యలో జారును కదపడం కొంత మేలు చేస్తుంది. దుకాణంలో కొనేవారు తమ ఎదుట పట్టించుకొని, పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకొని, గాలి చొరని డబ్బాలో పొయ్యికి దూరంగా ఉంచడం మంచిది. తీస్తూ పెడుతూ ఉండే డబ్బాను ఫ్రిజ్‌లో ఉంచితే పొడికి చెమ్మ, ఇతర పదార్థాల వాసన పడతాయి.

ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ గురించి తెలుగు ఇళ్ళలో రెండు పట్టుదలలు కనిపిస్తాయి: అది లేనిదే కాఫీ కాదనేవారు కొందరు, అది శుద్ధ కల్తీ అనేవారు కొందరు. చికోరీ నీలిపూలు పూసే ఒక మొక్క. గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ సాగవుతుంది. దాని వేరును ఎండబెట్టి, వేయించి, పొడి చేస్తారు. దానిలో కెఫీన్ లేదు. 1806లో నెపోలియన్ విధించిన వాణిజ్య దిగ్బంధం వల్ల ఫ్రాన్స్‌లో కాఫీ గింజలు కరువైనప్పుడు ఈ వేరు అక్కడ విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. కాఫీ పొడితో పోలిస్తే చికోరీలో నీటికి కరిగే భాగం చాలా ఎక్కువ కాబట్టి, అది డికాషన్‌కు నల్లటి రంగు, చిక్కదనం, మాడిన బెల్లపు ఛాయ ఇస్తుంది. పాలు ఎక్కువగా పోసే కాఫీలో 10 నుంచి 20 శాతం చికోరీ నిండుదనాన్ని పెంచుతుందే తప్ప కాఫీ రుచిని కప్పివేయదు. ఆ పైన కాఫీ వెనక్కు తగ్గి వేరు రుచే ముందుకు వస్తుంది. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద ముద్రించాలి. సగానికి సగం వేరు ఉన్న పొడిని కాఫీ ధర పెట్టి తెలియక కొనేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ఆ చిన్న అక్షరాలను తప్పక చదవాలి. చికోరీ లేని అరబికా పొడి మొదటిసారి పలచగా తోచవచ్చు; అప్పుడు చికోరీ వైపు మళ్ళకుండా, పాలు తగ్గించి చూడడం న్యాయం.

ఇక ఫిల్టర్. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు, పై గిన్నె అడుగున సన్నటి రంధ్రాలు, కాడ ఉన్న ఒక చిల్లుల బిళ్ళ, ఒక మూత: ఇంతకు మించి దానిలో ఏమీ లేదు. విద్యుత్తు అక్కరలేదు, కాగితం అక్కరలేదు, పాడయ్యే భాగం లేదు. నీరు తన బరువుతో తానే పొడి గుండా దిగి, కింది గిన్నెలో చుక్కలుగా చేరుతుంది. పై గిన్నెలో పొడి మందంగా ఉండడం, నీరు తక్కువగా ఉండడం, ప్రయాణం నెమ్మదిగా సాగడం వల్ల పాలలో కలిపినా వెలవెలబోని చిక్కటి ద్రవం తయారవుతుంది. ఇతర దేశాల వారు ఒత్తిడితో పనిచేసే బరువైన యంత్రాలతో సాధించే చిక్కదనానికి ఇంత చవకైన పాత్ర ఇంత దగ్గరగా రావడం దక్షిణాది వంటింటి ఘనతలలో ఒకటి.

నలుగురికి కాఫీ కావాలంటే 30 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీరు మంచి కొలత. తడి లేని పై గిన్నెలో పొడి వేసి, గిన్నెను మెల్లగా తట్టి చదును చేయాలి. దాని మీద బిళ్ళను ఊరికే ఆనించి ఉంచాలి. పోసే నీటి ధార పొడిని చెదరగొట్టి ఒకచోట గుంట చేస్తే నీరంతా ఆ గుంటలోంచే జారిపోయి మిగిలిన పొడి తడిసీ తడవకుండా ఉండిపోతుంది; ఆ ప్రమాదాన్ని తప్పించి నీటిని అంతటా పంచడమే బిళ్ళ పని. దానిని అదిమితే పొడి గట్టిపడి దారి మూసుకుపోతుంది. నీరు తెర్లిన తరువాత పొయ్యి కట్టి అర నిమిషం ఆగితే వేడి 95 డిగ్రీల ప్రాంతానికి వస్తుంది. ముందుగా పొడి తడిసేంత నీరు మాత్రమే, గుండ్రంగా తిప్పుతూ పోసి, మరో అర నిమిషం ఆగాలి. తాజా పొడి అయితే ఈ సమయంలో బుడగలు లేచి పొంగుతుంది, లోపలి వాయువు బయటికి పోయి మిగతా నీటికి దారి ఇస్తుంది. ఆ పొంగు బొత్తిగా లేకపోతే పొడి పాతదని గ్రహించాలి. తరువాత మిగిలిన నీరు పోసి మూత పెడితే పదిహేను ఇరవై నిమిషాలలో డికాషన్ దిగుతుంది. పొడి తన బరువుకు దాదాపు రెట్టింపు నీటిని పట్టి ఉంచుకుంటుంది కాబట్టి 200 మిల్లీలీటర్లు పోస్తే చేతికి వచ్చేది 140 మాత్రమే. ఒక్కొక్కరికి 35 మిల్లీలీటర్ల చొప్పున అది సరిపోతుంది.

అదే పొడి మీద మళ్ళీ నీరు పోసి తీసే రెండో డికాషన్ పొదుపు కోసం పుట్టిన అలవాటు. చింతపండును రెండోసారి పిసికితే వచ్చే పులుసు మాదిరిగా అది పలచనిది, దానికి తోడు మొదటి దఫాలో దిగకుండా మిగిలిన చేదు, వగరు దానిలోకే వస్తాయి. మొదటిదానిలో దానిని కలిపి పరిమాణం పెంచడం కన్నా, రెండు చెంచాల పొడి ఎక్కువ వేసి మొదటిదే కొంచెం ఎక్కువగా తీయడం మంచి లెక్క. మిగిలిన డికాషన్‌ను మరిగించడం అంతకన్నా పెద్ద పొరపాటు: పరిమళమంతా ఆవిరితో పోతుంది, కాఫీలోని కొన్ని పదార్థాలు వేడికి విడిపోయి కొత్త పులుపునూ చేదునూ పుట్టిస్తాయి. వేడి చేయక తప్పనప్పుడు డికాషన్ గిన్నెను వేడి నీళ్ళ గిన్నెలో కాసేపు కూర్చోబెడితే చాలు. ఇత్తడి ఫిల్టర్ వాడేవారు లోపలి కళాయి పూత చెదరకుండా చూసుకోవాలి, ఎందుకంటే డికాషన్ కొంత ఆమ్ల గుణం కలది, అది ఇత్తడికి నేరుగా తగలరాదు.

కప్పు కాఫీలో నీటి వాటా ఎంతో తెలిసినా నీటి గురించి ఆలోచించేవారు తక్కువ. కాల్షియం, మెగ్నీషియం లవణాలు కొద్దిగా ఉన్న నీరు పొడి నుంచి సారాన్ని బాగా లాగుతుంది. బాగా కఠినంగా ఉండే బోరు నీటిలోని బైకార్బనేట్లు కాఫీ ఆమ్లాలను విరిచివేసి రుచిని చప్పగా చేస్తాయి. అన్ని లవణాలనూ తీసివేసిన నీటితో చేసిన కాఫీలోనూ ఏదో వెలితి ఉంటుంది. క్లోరిన్ వాసన లేని, తాగడానికి రుచిగా ఉన్న మామూలు మంచినీరే కాఫీకీ మంచిది.

పాలు కాఫీకి కేవలం తెలుపు ఇచ్చేవి కావు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు కాఫీలోని వగరు పదార్థాలను పట్టుకొని నాలుకకు తగలకుండా చేస్తుంది. అందుకే రొబస్టా ఎక్కువగా ఉన్న ఘాటైన డికాషన్‌కు చిక్కటి పాలు నప్పుతాయి. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం, ఆవు పాలలో మూడు నాలుగు శాతం ఉంటుంది. సున్నితమైన అరబికాకు ఆవు పాలు మేలు. పాలు ఒక్క పొంగు రాగానే దింపాలి. పొయ్యి మీదే మరుగుతూ ఉంటే వాటికి ఉడుకు వాసన వచ్చి కాఫీ పరిమళాన్ని కప్పేస్తుంది. గ్లాసులో చక్కెర, దాని మీద డికాషన్, ఆ పైన వేడి పాలు పోసి, గ్లాసు నుంచి డబరాలోకీ డబరా నుంచి గ్లాసులోకీ రెండు మూడు సార్లు తిరగబోస్తే చక్కెర కరగడం, నురగ లేవడం, తాగే వేడికి చల్లారడం ఒకేసారి జరుగుతాయి. డికాషన్‌కు మూడింతల పాలు సాధారణ కొలత. బెల్లం వాడేవారు సలసల కాగే పాలలో దానిని వేయకూడదు; బెల్లంలోని ఆమ్ల గుణానికి పాలు విరిగే అవకాశం ఉంది.

ఇతర పద్ధతులన్నిటినీ రెండు తెగలుగా చూడవచ్చు: నీరు పొడి గుండా దాటిపోయేవి, నీరూ పొడీ కలిసి నానేవి. జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి చెందిన మెలిట్టా బెంట్స్ అనే గృహిణి 1908లో కొడుకు నోటుపుస్తకపు అద్దుడు కాగితంతో మొదలుపెట్టిన కాగితపు వడపోత మొదటి తెగకు చెందుతుంది. 15 గ్రాముల పొడికి 250 మిల్లీలీటర్ల నీరు, మూడు నిమిషాలు దీనికి కొలత. కాగితం నూనెలను ఆపివేయడం వల్ల వచ్చే తేటదనంలో లేత వేపుడు అరకు అరబికా అసలు రుచి తెలుస్తుంది. దానిని పాలు లేకుండా ఒకసారైనా తాగి చూడాలి. 1929లో ఇటలీలో పేటెంట్ పొందిన, తెలుగువారు ఫ్రెంచ్ ప్రెస్‌గా ఎరిగిన గాజు పాత్ర రెండో తెగది. పలుకుగా ఉన్న 30 గ్రాముల పొడిని అర లీటరు నీటిలో నాలుగు నిమిషాలు నాననిచ్చి జల్లెడను కిందికి నొక్కుతారు. పూర్వం ఫిల్టర్ లేని ఇళ్ళలో వేడి నీళ్ళలో పొడి వేసి మూత పెట్టి, పొడి అడుగుకు దిగాక గుడ్డతో వడపోసుకున్న కాఫీ ఈ తెగదే. 1933 నాటి ఇటలీ ఆవిష్కరణ మోకా పాత్రలో అడుగు గిన్నెలోని ఆవిరి ఒత్తిడి నీటిని పొడి గుండా పైకి నెడుతుంది. గుడగుడమనగానే దింపేస్తే పాలలో చక్కగా ఇమిడే చిక్కటి కాఫీ అయిదారు నిమిషాలలో సిద్ధమవుతుంది. ఉదయం తీరిక లేనివారికి ఫిల్టర్‌కు ఇదే సరైన ప్రత్యామ్నాయం. తొమ్మిది రెట్ల వాతావరణ పీడనంతో అర నిమిషంలో పనిచేసే ఎస్ప్రెసో యంత్రం ఇంటికి ఖరీదైనదీ, నేర్పు కోరేదీ. వేసవిలో ఒక వంతు పొడిని ఎనిమిది వంతుల చల్లటి నీటిలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి వడగడితే పులుపూ చేదూ తగ్గిన మెత్తటి కాఫీ వస్తుంది. ఇన్‌స్టంట్ పొడి అంటే కర్మాగారంలో ముందే తీసిన డికాషన్‌ను ఆరబెట్టినదే. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే అలాంటి పొడి ఎన్నో దేశాలకు ఎగుమతి అవుతోంది.

ఆరోగ్యం మాటకు వస్తే, కాఫీ నూనెలలోని కెఫెస్టాల్ అనే పదార్థం రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితం దానిని దాదాపు పూర్తిగా ఆపుతుంది, లోహపు జల్లెడలు ఆపలేవు, కాబట్టి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారికి కాగితపు వడపోత మేలు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సూచించింది. శరీరం కెఫీన్‌లో సగాన్ని వదిలించుకోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, కనుక సాయంత్రం పొద్దుపోయాక తాగిన కాఫీ నిద్రను తప్పక తాకుతుంది. భోజనంతో పాటు తాగితే ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించడం తగ్గుతుంది.

కాఫీ రుచి తప్పినప్పుడు అన్నీ ఒకేసారి మార్చకుండా ఒక్కొక్కటే మార్చి చూడాలి. పుల్లగా, నీళ్ళగా ఉంటే పొడిని కొంచెం మెత్తగా పట్టించాలి, లేదా నీటి వేడి చాలిందో లేదో చూసుకోవాలి. చేదుగా, నాలుక ఎండినట్టు ఉంటే పొడిని పలుకుగా పట్టించాలి. అయిదు నిమిషాలలోనే అంతా దిగిపోతే పొడి మరీ పలుకైనా కావాలి, తక్కువైనా కావాలి. గంట గడిచినా దిగకపోతే పొడి మరీ మెత్తనిది అయి ఉండవచ్చు, లేదా పై గిన్నె రంధ్రాలు పాత నూనెలతో మూసుకుపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు స్టీలు గిన్నె అడుగును కాసేపు మంట మీద చూపించి, చల్లారిన తరువాత గట్టి కుంచెతో రుద్ది కడిగి, వెలుగుకు ఎత్తి పట్టుకొని ప్రతి రంధ్రమూ తెరుచుకున్నదో లేదో చూసుకుంటే సరిపోతుంది.